పిల్లలున్నయి

జూన్ రెండో మంగళవారం పొద్దున పదకొండు గంటలకు కోట్‌పల్లి మండలంలోని ఒక ఊళ్లో మల్లీశ్వరి అనే అంగన్‌వాడీ టీచర్ తన ఫోన్‌లో ఒక ప్రకటన పెట్టింది. ప్రకటన పూర్తిగా ఇది:

"పిల్లలున్నయి. ఐదు. మూడు ఆడయి, రెండు మగయి. మూన్నెల్లు నిండినయి. పాలు ఇడిసినయి. మంచిగ తింటున్నయి. కావల్సినోల్లు ఫోన్ చెయ్యండ్రి."

కింద ఫోన్ నంబర్, ఊరి పేరు ఉన్నాయి.

మల్లీశ్వరి భర్త ఈరయ్య. అతనికి అరవై గొర్రెలున్నాయి. వాళ్ల ఇంట్లో పిల్ల అంటే గొర్రెపిల్ల. మనుషులకు పుట్టినవాళ్లను పోరగాండ్లు అంటారు. ఈ సంగతి బయటివాళ్లకు తెలియకపోవచ్చు. అయినా ఇబ్బంది లేదు. మనుషులైతే ఉన్నరు, గొర్రెలైతే ఉన్నయి. తెలుగు వచ్చినవాళ్లెవరికైనా ఆ తేడా తెలుస్తుంది. ఏడు వాక్యాల ప్రకటనలో మల్లీశ్వరి ఆరుచోట్ల 'యి' అని రాసింది. 'రు' అని ఒక్కచోట కూడా రాయలేదు.

ప్రకటనను ఆమె మొదట వేరే యాప్‌లో పెట్టింది. అది పేరున్న కంపెనీది. రెండు నిమిషాల్లో తీసేశారు. జంతువుల అమ్మకం నిషేధమని సందేశం వచ్చింది. అంటే ఆ కంపెనీ యంత్రానికి అవి జంతువులని అర్థమైంది. తర్వాతి రెండు వారాల్లో అంత సరిగా చదివిన యంత్రం ఆమెకు మళ్లీ తగల్లేదు.

అప్పుడు ఆమెకు రాయి గుర్తొచ్చింది. రాయి ఒక యాప్. మే నెలలో తాండూరు నుంచి దేవప్ప అనే అతను కోట్‌పల్లిలో మహిళా సంఘం మీటింగుకు వచ్చి ఇరవై ముగ్గురి ఫోన్లలో దాన్ని ఎక్కించి వెళ్లాడు. రాయి అంటే రాయమని ఒక అర్థం, బండ అని ఇంకో అర్థం అని చెప్పాడు. మామూలు యాప్‌లో రాసింది ఒక కంపెనీ కంప్యూటర్‌లో ఉంటుంది, వాళ్లకు నచ్చకపోతే తీసేస్తారు. రాయిలో రాసింది వందల ఊళ్లలో వందల కంప్యూటర్లలో ఒకేసారి పడుతుంది. ప్రతి రాతా ముందటి రాతకు గొలుసులా ముడిపడి ఉంటుంది. ఒకచోట చెరిపితే మిగతా కంప్యూటర్లు ఒప్పుకోవు. దీన్నే బ్లాక్‌చైన్ అంటారని, ఆ కంప్యూటర్లను నోడ్‌లు అంటారని, తాండూరు నోడ్ తనదేనని చెప్పాడు. కలెక్టర్ చెప్పినా రాత పోదు, కంపెనీ ఓనర్ చెప్పినా పోదు అన్నాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. తర్వాత సమోసాలు ఇచ్చారు. ఒక్కొక్కరికి వంద కాయిన్లు కూడా ఇచ్చారు. అవి ఫోన్‌లో కనపడతాయి తప్ప కిరాణా షాపులో చెల్లవు.

ఫోటో పెట్టాలంటే కాయిన్లు ఖర్చవుతాయి. అందుకని మల్లీశ్వరి మాటలు మాత్రమే పెట్టింది.

రాయిలో రాతను తీసేవాళ్లు లేరు గాని ఫిర్యాదు చేసేవాళ్లున్నారు. ఎవరైనా కొన్ని కాయిన్లు పందెంగా పెట్టి ఎవరి మీదైనా ఫిర్యాదు చేయవచ్చు. లాటరీ తీసి తొమ్మిదిమందిని జ్యూరీగా పెడతారు. ఫిర్యాదు నిజమని జ్యూరీ తేలిస్తే, రాసినవాళ్ల కాయిన్లు ఫిర్యాదుదారుకు పోతాయి. జ్యూరీలో ఎక్కువమంది చెప్పిన మాటే చెప్పినవాళ్లకు కూడా వాటా ఉంటుంది. అందువల్ల జ్యూరీలో ఉన్నవాళ్లు రాసినవాళ్లు ఏమన్నారన్నదానికంటే, మిగతా ఎనిమిదిమంది ఏమంటారన్నదే ఎక్కువ ఆలోచిస్తారు.

మంగళవారం మధ్యాహ్నం రెండూ పదికి మల్లీశ్వరి మీద ఫిర్యాదు పడింది. పిల్లల్ని అమ్ముతోందని. ఫిర్యాదు చేసినతని పేరు తెలియదు. ఆ రోజు అతను చేసిన ఫిర్యాదుల్లో అది పద్నాలుగోది.

తొమ్మిదిమంది జ్యూరీలో తెలుగు చదవగలిగినవాళ్లు ఇద్దరు. మిగతా ఏడుగురూ యాప్‌లోని అనువాదం బటన్ నొక్కారు. అందులో వచ్చిన ఇంగ్లిష్‌ను మళ్లీ తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: "పిల్లలు ఐదుగురు. ముగ్గురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. మూడు నెలల వయసు. తల్లిపాలు మానేశారు. ఆకలి బాగుంది. ఆసక్తి గలవారు సంప్రదించగలరు." ఇంగ్లిష్‌లో 'రు'కూ 'యి'కీ తేడా లేదు. తీర్పు గురువారం వచ్చింది. ఏడు, రెండు.

పిల్లల్ని అమ్ముతున్నారని తేలిన ప్రకటనను ఏ యాప్ అయినా తీసేస్తుంది. రాయి తీయలేదు. తీయడం వాళ్ల సిద్ధాంతానికి విరుద్ధం. ప్రకటన అలాగే ఉంది. కింద ఫోన్ నంబర్ కూడా అలాగే ఉంది. మల్లీశ్వరి పేరు పక్కన మాత్రం ఒక ఎర్ర ముద్ర పడింది. దాని మీద "పిల్లల అమ్మకందారు, జ్యూరీ ధ్రువీకరించినది" అని ఉంది.

శుక్ర, శనివారాల్లో ఆమెకు పదకొండు ఫోన్లు వచ్చాయి. ఎనిమిదిమంది తిట్టారు. ముగ్గురు ధర అడిగారు. వాళ్లు అడిగింది గొర్రెల ధర కాదు. ఆ ముగ్గురి నంబర్లనూ మల్లీశ్వరి అంగన్‌వాడీ రిజిస్టర్ చివరి పేజీలో రాసి, ఆ పేజీ చింపి బ్లౌజులో పెట్టుకుంది.

సోమవారం వికారాబాద్‌లోని శిశు సంక్షేమ శాఖ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఎవరో ప్రకటననూ ముద్రనూ ప్రింటు తీసి ఆఫీసుకు పోస్టులో పంపారు. పంపినవాళ్ల పేరు లేదు. అధికారి జ్యోతిరాణి ఆ కాగితాన్ని టేబుల్ మీద పెట్టి చదివింది. చదవడానికి పది సెకన్లు కూడా పట్టలేదు.

"గొర్లా?" అంది.

"గొర్లే మేడం."

"ఉన్నయి అని ఉంది గదా. గొర్లని నాకు తెలుస్తనే ఉంది. కని ఫైల్‌కు తెల్వదు గద మల్లీశ్వరీ."

ఆమె విషయం వివరించింది. ఫైల్‌లో ఉన్నది రెండే. ఒకటి పిల్లలు అమ్మకానికి అన్న ప్రకటన. రెండోది అది నిజమని తొమ్మిదిమంది జ్యూరీ తేల్చిందన్న ముద్ర. పద్దెనిమిది మంది పసిపిల్లలను రోజూ చూసుకునే టీచర్ మీద ఆ ముద్ర ఉండగా, అవి గొర్రెలని తనకు అనిపించిందని అధికారి రాస్తే చాలదు. రేపు పై ఆఫీసులో ఎవరైనా అడిగితే తన ఉద్యోగమూ పోతుంది. ముద్ర పోవాలి. పోయిందని ఆ కంపెనీ కాగితం ఇవ్వాలి. గడువు ఏడు రోజులు. వచ్చే సోమవారం కాగితం లేకపోతే తొలగింపు ఉత్తర్వు టైపు చేయడం తప్ప తను చేయగలిగింది లేదని జ్యోతిరాణి చెప్పింది.

మల్లీశ్వరి పదకొండేళ్లుగా టీచరు. ఆ జీతం మీదే ఇంట్లో నెలనెలా అన్నం ఉడుకుతుంది. గొర్రెలు ఏడాదికి రెండుసార్లే డబ్బవుతాయి. ఆమె మెమో తీసుకుని సంతకం పెట్టింది. లేవబోయి, చింపిన పేజీ తీసి టేబుల్ మీద పెట్టింది. ఆ ముగ్గురూ ఏం అడిగారో చెప్పింది. జ్యోతిరాణి ఆ నంబర్లను ఒక తెల్లకాగితం మీద తిరిగి రాసుకుని, ఆఫీసు ముద్ర వేసి, పోలీస్ స్టేషన్‌కు పంపించింది. అప్పటిదాకా ఈ వ్యవహారంలో ఎవరికైనా పనికొచ్చిన కాగితం అదొక్కటే.

మంగళవారం మల్లీశ్వరి తాండూరు వెళ్లింది. అత్త బీరమ్మ తనూ వస్తానంది. ఐదు పిల్లల్ని కొనేవాళ్లు రాకుండా చేసినవాడి మొహం చూడాలని ఆమె కోరిక.

బస్సులో బీరమ్మ, "గా కిటికీ జర మూయి పిల్లా, దుమ్మొస్తంది" అంది.

"నన్ను పిల్లా అని పిల్వకు అత్తా. జ్యూరీ ఇంటది."

దేవప్పకు తాండూరు బయట బండలు పాలిష్ చేసే యూనిట్ ఉంది. వయసు ముప్పై నాలుగు. ఇంట్లో కన్నడ, హాస్టల్‌లో ఇంగ్లిష్, యూనిట్‌లో తెలుగు నేర్చాడు. మూడూ మాట్లాడతాడు. తెలుగు చదవడం మాత్రం నేర్చుకోలేదు, ఎప్పుడూ అవసరం రాలేదు. ఆఫీసు గదిలో నోడ్ ఉంది. అది రెండు ఫ్యాన్లున్న ఒక నల్ల డబ్బా. దానికి ఏసీ ఉంది. బయట మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లకు లేదు. నోడ్ వెనక గోడకు నిలువెత్తు తాండూరు బండ బిగించి ఉంది. దాని మీద అక్షరాలు చెక్కించారు: "రాసింది రయి".

మల్లీశ్వరి దాన్ని రెండుసార్లు చదివింది. రెండో మాటలో 'రా'కు దీర్ఘం లేదు. బండ బిగించి రెండేళ్లయిందని దేవప్ప గర్వంగా చెప్పాడు. రెండేళ్లుగా యూనిట్‌లో నలభైమంది రోజూ దాన్ని చూస్తున్నారు. యజమానికి చెప్పినవాళ్లు లేరు.

ఆమె ఫోన్ అతని ముందు పెట్టి, ప్రకటన చదవమంది. దేవప్ప తెలుగు మీద వేలు పెట్టి నొక్కాడు. అది ఇంగ్లిష్ అయింది. చదివి, తల ఊపాడు.

"గిది తెలుగుల చదువు అన్నా. ఉన్నయి అని ఉన్నదా, ఉన్నరు అని ఉన్నదా?"

"అర్థం ఒకటే గదా అక్కా."

మల్లీశ్వరి ఫోన్ వెనక్కి తీసుకుంది. తర్వాత ముద్ర తీయమని అడిగింది.

దేవప్ప దానికి ఇరవై నిమిషాలు జవాబిచ్చాడు. తీయడం మొదలుపెడితే రాయికీ మిగతా యాప్‌లకూ తేడా ఉండదు. ఈరోజు ఒక అక్క కోసం తీస్తే రేపు ఒక మంత్రి కోసం తీయాల్సి వస్తుంది. మాట్లాడే స్వేచ్ఛ అంటే నచ్చని మాటను కూడా భరించడం. జ్యూరీ తీర్పు ప్రజల తీర్పు. ఇవన్నీ అతను చేతులు కదిలిస్తూ చెప్పాడు. బయట మిషన్ చప్పుడుకు మధ్యమధ్య గొంతు పెంచాడు. దారి లేకపోలేదని కూడా చెప్పాడు. ఏ రాతకైనా రాసిన మనిషే సవరణ రాయవచ్చు. ఏ యాప్‌లో చూసినా సవరణే ముందు కనపడుతుంది, పాత రాత దాని కింద ఉంటుంది. ఒక రాతకు ఒక్కటే సవరణ, రెండోసారి మార్చడం కుదరదు. అయితే తీర్పు పడిన రాతకు సవరణ కూడా పడదు. మల్లీశ్వరి రాతకు తీర్పు పడింది. కాబట్టి అప్పీలు చేసుకోవాలి. ఆమె కాయిన్లు ఫిర్యాదుదారుకు పోయాయి గనక అప్పీలుకు పందెం కాయిన్లు తాను పెడతానన్నాడు. స్వేచ్ఛ కోసం ఆ మాత్రం చేయకపోతే ఎలా అన్నాడు.

ధర అడిగిన ముగ్గురి మీద రాయిలో ఫిర్యాదు చేయవచ్చా అని ఆమె అడిగింది. కుదరదన్నాడు. వాళ్లు ఫోన్‌లో అడిగారు, రాయి మీద రాయలేదు, తమ పరిధిలోకి రాదు.

ఈ మాటలు జరుగుతున్నంతసేపూ బీరమ్మ గదిలో లేదు. యూనిట్ వెనకకు వెళ్లింది. పాలిష్ మిషన్ల నుంచి వచ్చే నీళ్లు గోడకింది తూము గుండా వాగులోకి పోతున్నాయి. నీళ్లు తెల్లగా ఉన్నాయి. ఒడ్డున ఆరిన చోట మందంగా పెచ్చు కట్టి ఉంది. వేసవిలో ఈరయ్య మందను ఇటువైపే తోలుకొస్తాడు. బీరమ్మ కోడలిని పిలిచి చూపించింది.

"ఫోటో తియ్యి. ఈరయ్యకు సూపెట్టు. గిటు తోలకుమని చెప్పు."

మల్లీశ్వరి ఫోటో తీసింది.

అప్పీలులో ఆమె ఒక్క మాట రాసింది: "అవి గొర్రెపిల్లలు." కొత్త జ్యూరీ కూర్చుంది. ఈసారి అనువాదం సరిగానే వచ్చింది. శుక్రవారం పొద్దున తీర్పు వచ్చింది. పిల్లల్ని అమ్మేవాళ్లు జంతువుల పేర్లను రహస్య సంకేతాలుగా వాడటం తెలిసిందేనని ఒక జ్యూరీ సభ్యుడు రాశాడు. మొదట పిల్లలని చెప్పి ఇప్పుడు గొర్రెలంటోందని ఇంకొకరు రాశారు. తీర్పు ఎనిమిది, ఒకటి. ఎర్ర ముద్ర పక్కన ఇంకో ముద్ర పడింది. దాని మీద "జ్యూరీని తప్పుదారి పట్టించినది" అని ఉంది.

సోమవారానికి మూడు రోజులున్నాయి.

శుక్రవారం సాయంత్రం ఈరయ్య ఫోటో చూసి, తనొక్కడికి చెబితే సరిపోదని, ఆ దిక్కు ఇంకా నలుగురైదుగురు మందలు తోలతారని అన్నాడు. వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్ల ఫోన్లలో రాయి ఉంది. మే నెలలో ఎక్కించినదే. మల్లీశ్వరి రాయిలో రాసింది: "తాండూరు దిక్కు మందలు తోలేటోల్లు జర పైలం. దేవప్ప పాలిష్ యూనిట్ ఎనక వాగుల తెల్లనీళ్లు కలుస్తున్నయి. గొర్లు తాగితే ఆగమైతయి."

అది ఇరవై రెండు నిమిషాలు కనపడింది. తర్వాత కనపడలేదు.

ఆమె మొదట తన ఫోన్ చెడిపోయిందనుకుంది. ఈరయ్య ఫోన్‌లో చూసింది. పక్కింటివాళ్ల ఫోన్‌లో చూసింది. లేదు. పిల్లల అమ్మకం ప్రకటన మాత్రం మూడు ఫోన్లలోనూ ఉంది, రెండు ముద్రలతో సహా. అప్పుడు దేవప్పకు ఫోన్ చేసింది. తన రాత పోయిందని చెప్పింది. రాయిలో ఏదీ పోదని దేవప్ప అన్నాడు. మరి కనపడటం లేదంటే, ఉండటం వేరు, కనపడటం వేరు అన్నాడు. శనివారం తనే తాండూరు రమ్మన్నాడు. రానూపోనూ బస్సు ఛార్జీ కూడా ఇస్తానన్నాడు. మల్లీశ్వరి ఈ చివరి మాటను అత్తకు రెండుసార్లు చెప్పింది.

శనివారం గదిలో కుర్చీలు వేసి ఉన్నాయి. చాయ్ వచ్చింది. బీరమ్మ ఈసారి లోపలే కూర్చుంది.

దేవప్ప వివరించాడు. రాత గొలుసులో ఉంటుంది, దాన్ని ఎవరూ తీయలేరు, అది సిద్ధాంతం. ఫోన్‌లో చూపించేది యాప్. ఏది చూపించాలో, ఏది చూపించొద్దో యాప్ నడిపే హైదరాబాద్ కంపెనీ చూసుకుంటుంది. నోడ్ ఉన్నవాళ్లు ఒక మెసేజ్ పెడితే కంపెనీ పరిశీలిస్తుంది. దీన్ని తీసేయడం అనరు.

"మరి నా పిల్లలది గూడ గట్లనే చూపియ్యకుండ చెయ్యొచ్చు గదా," అంది మల్లీశ్వరి. "మొన్న ఇరవై నిమిషాలు చెప్తివి, గీ ముచ్చట చెప్పకపోతివి."

"అది జ్యూరీ తీర్పు అక్కా. ప్రజాస్వామ్యం."

"నీ వాగుకు జ్యూరీ లేదా కొడుకా?" అంది బీరమ్మ.

దేవప్ప చాయ్ తాగాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. గొలుసులో ఉన్న రాతలను చూపించే యాప్‌లు ఇంకా నాలుగున్నాయి. అవి హైదరాబాద్ కంపెనీ చేతిలో లేవు. వాటిలో ఒకదాని నుంచి పక్క యూనిట్ శంకరప్ప వాగు రాతను తీసుకుని తాండూరు అంతా పంచుతున్నాడు. శంకరప్ప నీళ్లు కూడా అదే వాగులో కలుస్తాయి గాని రాతలో ఉన్న పేరు దేవప్పది. దాన్ని కంపెనీ ఆపలేదు, కలెక్టర్ ఆపలేడు, దేవప్ప ఆపలేడు. రాసిన మనిషి సవరణ రాస్తే మాత్రం ఐదు యాప్‌లలోనూ అదే ముందు కనపడుతుంది.

ఒప్పందం పది నిమిషాల్లో కుదిరింది. మల్లీశ్వరి వాగు రాతకు సవరణ రాయాలి. దేవప్ప గురించి, జ్యూరీ గురించి మంచిమాట ఉండాలి, నీళ్ల సంగతి కూడా రావాలి. దానికి బదులు కంపెనీ ఆమె ప్రకటననూ రెండు ముద్రలనూ చూపించడం మానేస్తుంది, కాగితం ఇస్తుంది. శాఖవాళ్లు చూసేది ఈ ఒక్క యాప్‌నే కాబట్టి అది చాలు. కాగితం ముందు రావాలని మల్లీశ్వరి పట్టుబట్టింది. దేవప్ప మెసేజ్ పెట్టాడు. వారం రోజులుగా ఏ శక్తీ చేయలేని పని పదకొండు నిమిషాల్లో అయింది. కాగితం ప్రింటర్ నుంచి వచ్చింది. దాని మీద "సదరు ప్రకటన మరియు తీర్పు ముద్రలు మా యాప్‌నందు ప్రదర్శింపబడుట లేదు. వాక్ స్వాతంత్ర్యమునకు మేము కట్టుబడి యున్నాము" అని ఉంది.

మల్లీశ్వరి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. తర్వాత ఫోన్ తీసుకుని సవరణ రాసింది. రాయడానికి సమయం తీసుకుంది. ఒకచోట చెరిపి మళ్లీ రాసింది. అయ్యాక ఫోన్ దేవప్పకు ఇచ్చింది.

దేవప్ప తెలుగు మీద వేలు పెట్టి నొక్కాడు. వచ్చిన ఇంగ్లిష్‌లో దేవప్ప, ఆయన భాగస్వాములు, రాయి జ్యూరీ సభ్యులు అందరూ క్షేమంగా, బాగా ఉన్నారని ఉంది. వాళ్లు ఆ వాగు నీళ్లే తాగుతున్నారని, బాగా భోజనం చేస్తున్నారని కూడా ఉంది. దేవప్ప దాన్ని రెండుసార్లు చదివాడు. ఆ నీళ్లు తామే తాగుతున్నామని రాయాలన్న ఆలోచన తనకు రాలేదని, ఇది తాను అనుకున్నదానికంటే బాగుందని మెచ్చుకున్నాడు. తనే బటన్ నొక్కి సవరణను గొలుసులోకి పంపాడు. తాండూరు పేజీలో అన్నిటికంటే పైన కనపడేటట్టు దాన్ని పిన్ చేశాడు. బస్సు ఛార్జీ ఇచ్చాడు.

తిరుగు బస్సులో బీరమ్మ ఏం రాశావని అడిగింది. ఆమెకు చదువు రాదు. మల్లీశ్వరి ఫోన్ తీసి మెల్లగా చదివి వినిపించింది:

"దేవప్ప, ఆయన పార్ట్‌నర్లు, రాయి జ్యూరీ, అన్ని మంచిగున్నయి. గా వాగు నీళ్లే తాగుతున్నయి. మంచిగ తింటున్నయి."

బీరమ్మ మళ్లీ చదవమంది. రెండోసారి విన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు సీటులో మనిషి వెనక్కి తిరిగి చూశాడు.

"గొర్ల ఇజ్జత్ తీస్తివి గద పిల్లా," అంది.

ఆదివారం పరిగి సంతలో ఈరయ్య ఐదు పిల్లల్నీ అమ్మాడు. అరగంట పట్టింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

సోమవారం పదిన్నరకు మల్లీశ్వరి వికారాబాద్ ఆఫీసులో ఉంది. జ్యోతిరాణి కాగితం చదివింది. తీసేశామని లేదు, చూపించడం లేదని ఉంది అని గమనించింది. తన ఫోన్‌లో రాయి తెరిచి మల్లీశ్వరి పేరు వెతికింది. ముద్రలు కనపడలేదు. సరే అంది. మెమో మీద వివరణ సంతృప్తికరమని రాసి, సంతకం పెట్టి, ఫైల్‌కు దారం కట్టింది.

"మరి గీ ఫైల్ పోతదా మేడం?"

"మూసినం. తీసెయ్యం. ఫైల్ ఎక్కడికి పోతది, బీరువాల ఉంటది."

మల్లీశ్వరి చేతిలో ఫోన్ మోగింది. దేవప్ప. పొద్దుటి నుంచి అది తొమ్మిదోసారి. సవరణ ఆదివారం మధ్యాహ్నానికే తాండూరు అంతా పాకింది. పాలిష్ యూనిట్లలో పనిచేసేవాళ్లు చాయ్ దగ్గర ఒకరినొకరు మంచిగున్నయా అని పలకరించుకుంటున్నారు. దేవప్పకు దాని అర్థం ఎవరో సోమవారం పొద్దున చెప్పారు. రెండేళ్లుగా గోడ మీది దీర్ఘం గురించి చెప్పనివాళ్లలో ఒకరు. మల్లీశ్వరి ఫోన్ ఎత్తలేదు. చప్పుడు ఆపి సంచిలో పెట్టింది.

జ్యోతిరాణి ఇంకా తన ఫోన్ చూస్తోంది. తాండూరు పేజీలో పైన పిన్ చేసిన రాత ఆమెకు కనపడింది. చదివింది. అనువాదం బటన్ నొక్కలేదు. ఇంకోసారి చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"మనుషుల గురించి రాసినవు గద. ఉన్నరు అనాలె, ఉన్నయి అని రాసినవేంది? టీచర్‌వి, గింత తప్పు రాస్తవా?"

"తప్పే మేడం," అంది మల్లీశ్వరి. "తీద్దమంటే రాదంట."